ఊడ్చిన వాకిట్లో చందమామ బండి

సుష్మితకు రాకెట్ పిచ్చి పట్టింది టీవీ చూసి కాదు. టీవీలో రాకెట్లు ఎగరడం చాలాసార్లు చూసింది. చంద్రయాన్ దిగిన నాడు బడిలో అందరితోపాటు చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టింది, ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంది. పిచ్చి పట్టించింది ఎస్తేర్ మేడం చెప్పిన ఒక్క ముక్క.

"టీవీల మంట కనబడతది, అంతే. అక్కడ నిలబడి చూసినోళ్లకు ఛాతీల దడ పుడతదట. ఆ చప్పుడు చెవులకు కాదు, పక్కటెముకలకు వినబడతదట," అంది మేడం పాఠం మధ్యలో.

తొమ్మిదో తరగతి పిల్లలంతా ఆ మాట విన్నారు, గంట కొట్టగానే మర్చిపోయారు. సుష్మిత మాత్రం అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుని ఇంటిదాకా నడిచింది. ఆ దడ ఎట్లా ఉంటుందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. పెళ్లి బరాత్‌లో డప్పుల పక్కన నిలబడితే కొంచెం అట్లా ఉంటుంది, కానీ అది కాదు. అది వేరే ఏదో అయి ఉండాలి. చూడాల్సిందే అనుకుంది.

ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టే తల్లికీ షేరింగ్ ఆటో నడిపే తండ్రికీ పుట్టిన పిల్ల అనుకుంటే మాత్రం రాకెట్ దగ్గరికి ఎట్లా పోతుంది? పోయే దారి ఒకటి దానంతటదే వచ్చింది. ఆ ఏడాది కామారెడ్డిలో జిల్లా సైన్స్ ఫెయిర్. మొదటి బహుమతి వచ్చిన జట్టును శ్రీహరికోట తీసుకుపోయి, రాకెట్ ఎగురుతుంటే దగ్గరుండి చూపిస్తారట. ఆ సంగతి ఎస్తేర్ మేడం చెప్పినప్పుడు సుష్మిత లేచి నిలబడి, "మేం చేస్తం మేడం," అంది. ఏం చేస్తారో ఆమెకే తెలియదు. మేడం నవ్వి, "ముందుగాల కూర్చో," అంది.

ఎస్తేర్‌ది నాగిరెడ్డిపేట. పొద్దున్నే బస్సెక్కి ఎల్లారెడ్డి హైస్కూలుకు వచ్చి సైన్సు చెబుతుంది. వేసవిలో టీచర్ల శిక్షణకు పోయి యంత్రాలకు నేర్పే విద్య ఏదో నేర్చుకొచ్చింది. ఆ కొత్త విద్య పిల్లల మీద ప్రయోగించాలని ఆమెకు చేతులు దురద పెడుతున్నాయి.

"చందమామ మీదికి ఒక బండిని పంపినమనుకోండి," అంది. "దాని ముందట గుంత వచ్చింది. మనం ఇక్కడినుంచి చూసి 'ఆగు' అంటే, ఆ మాట చేరేసరికి బండి గుంతల ఉంటది. అంగారకుడి మీదైతే ఇంకా కష్టం, మాట పోనీకే నిమిషాలు పడతది. అందుకని బండికే నేర్పి పంపాలె."

"ఎట్ల నేర్పుతం మేడం? దానికి చెవులున్నయా?" అన్నాడు సిద్దార్థ. వాళ్ల నాన్నది బజార్లో మోటార్లు బాగుచేసే దుకాణం. యంత్రమంటే విప్పి చూడాలి తప్ప బుజ్జగించి పాఠం చెప్పేదేమిటని వాడి అనుమానం.

"చెవుల్లేవు, కన్నుంటది. అది మనం చెప్పింది వినదు సిద్దార్థా, చూపించింది చూస్తది. ఏది చూపిస్తే అదే నేర్చుకుంటది. దాన్నే మెషిన్ లెర్నింగ్ అంటరు."

అట్లా పని మొదలైంది. పాత ఆటబొమ్మల చక్రాలూ, నాన్న దుకాణంలో మూలకు పడ్డ చిన్న మోటార్లూ కలిపి సిద్దార్థ బండి కట్టాడు. బండి నెత్తిన ఎస్తేర్ మేడం పాత ఫోన్ రబ్బరు బ్యాండ్లతో బిగించారు. అదే కన్ను, అదే బుర్ర. అందులో రెండు పెట్టెలు: ఒకటి 'పో', ఇంకోటి 'ఆగు'. మంచి నేల ఫొటోలు మొదటి పెట్టెలో, రాళ్లూ గుంతలూ ఉన్న నేల ఫొటోలు రెండో పెట్టెలో వెయ్యాలి. ఎన్ని ఎక్కువ చూపిస్తే అంత బాగా నేర్చుకుంటుంది. ఈ చూపించే పని సుష్మితది. మంచి నేల ఎక్కడుంటుందని ఆమె ఎవర్నీ అడగలేదు. వాళ్ల ఇంటి వాకిలి కంటే మంచి నేల ఎల్లారెడ్డిలో ఎక్కడుంది?

ఇక్కడ భూదవ్వ సంగతి చెప్పకపోతే కథ ముందుకు కదలదు. భూదవ్వ సుష్మితకు నాయనమ్మ. తెల్లారకముందే పొరక పట్టుకుని బయటికొస్తుంది. వాకిలి ఊడ్చి, పెండనీళ్లతో సాన్పి చల్లి, ముగ్గేస్తే తప్ప నోట్లో చాయ పోసుకోదు. జ్వరమొచ్చినా అంతే, వానొచ్చినా అంతే. వానలో ముగ్గు ఎవరికోసమే అవ్వా అంటే, "నా చేతుల కోసం," అంటుంది. మనిషి సన్నగా గాలికి పడిపోయేట్టు ఉంటుంది గానీ పొరక చేతికొస్తే ఒంటికాలి మీద లేస్తుంది.

"అవ్వా, ఈ వారం ముగ్గెయ్యకు," అంది సుష్మిత.

"ఎందుకెయ్యొద్దు? నేనింకా బతికే ఉన్న గదా!" అంది భూదవ్వ. ఆమె కోపంలో న్యాయముంది. ముగ్గు లేని వాకిలి చూస్తే ఆ వీధిలో ఎవరైనా మొదట అడిగేది ఇంట్లో ఎవరు పోయారనే.

"బండికి వాకిలి ఫొటోలు చూపియ్యాలె. ముగ్గుంటె, ముగ్గున్న కాడనే నడవాలె అనుకుంటది అది. చందమామ మీద ముగ్గెవరేస్తరు?"

భూదవ్వ కాసేపు ఆలోచించింది. చందమామ మీద ముగ్గు వేసేవాళ్లు ఎవరూ ఆమెకు తోచలేదు. "సరే తియ్. ఇంటి కడప ముందట మాత్రం నాలుగు గీతలు గీస్త. అవి నీ ఫొటోల రానియ్యకు," అంది. ఈ సంగతి విని ఎస్తేర్ మేడం సుష్మిత వీపు తట్టింది. "గిట్ల ఆలోచించేటోళ్లే సైంటిస్టులయ్యేది!" అని తరగతి ముందు మెచ్చుకుంది. పిల్ల కాళ్లు ఆ రోజు నేల మీద ఆనలేదు.

రోజూ పొద్దున అవ్వ ఊడ్చి సాన్పి చల్లి లేవగానే సుష్మిత ఫోన్‌తో దిగేది. వంగి, కూర్చుని, అరుగు ఎక్కి, ఎన్ని తీరుల తియ్యొచ్చో అన్ని తీరుల తీసింది. ఒకనాడు సిద్దార్థ బుద్ధిగా సంచిలో రాళ్లు తెచ్చి వాకిట్లో పరచబోయాడు, ఇక్కడే పెట్టి ఇక్కడే తీద్దామని.

"ఓరి నీ చేతులు పడిపోను! ఊడ్చిన వాకిట్ల రాళ్లు పోస్తవారా?" అని భూదవ్వ పొరక తిరగేసింది. వాడు రాళ్ల సంచి వదిలేసి సందు మలుపు దాకా పరుగెత్తాడు. దూరం నుంచి, "గవి చందమామ రాళ్లవ్వా!" అని అరిచాడు. "ఏడివైతేంది, రాళ్లు రాళ్లే," అంది భూదవ్వ. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు ఆ ఇంట్లో ఇప్పటిదాకా లేరు. అందుకని రాళ్ల ఫొటోలకు వాళ్లిద్దరూ ఊరి బయటికి పోయారు. వరి కోతలైన పొలాల పక్కన, గడ్డిపోచలు పడ్డ బాటల మీద, ట్రాక్టరు టైర్ల గుంతల్లో, ఎండి బీటలేసిన మట్టిలో కావలసినన్ని తీసుకున్నారు.

పరీక్ష కూడా పెట్టారు. వాకిట్లో వదిలితే బండి గుడుగుడుమంటూ సాగింది. వాకిలి అంచుకు, బయటి రాళ్లబాట మొదలయ్యే చోటికి రాగానే ఠక్కున ఆగింది. సిద్దార్థ ఎగిరి గంతేశాడు. బడి మైదానంలో వదిలితే బండి అసలు కదల్లేదు. "చూసినవా, చిన్న గులకరాయిని గూడ వదుల్తలేదు!" అని మురిసిపోయారు. ఎస్తేర్ మేడం కూడా మురిసిపోయింది. ఆ మైదానంలో గులకరాళ్లు ఉన్న మాట నిజమే గనక ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

కామారెడ్డి పోయిన రోజు బస్సులో బండిని అట్టపెట్టెలో పెట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది సుష్మిత. కిటికీ పక్కన సిద్దార్థ శ్రీహరికోటలో సముద్రం కూడా కనబడుతుందని చెబుతూనే ఉన్నాడు. సుష్మితకు సముద్రం అక్కర్లేదు. ఛాతీలో దడ చాలు.

ఫెయిర్ పెట్టిన చోట పిల్లలే పిల్లలు. ఒకచోట అగ్నిపర్వతం పొంగుతుంది, ఇంకోచోట గాలిమర తిరుగుతుంది. బండ్లు తెచ్చినవాళ్ల కోసం ఒక మూల ఎర్రమట్టి పరిచి, చుట్టూ రాళ్లు పేర్చి, 'చందమామ నేల' అని అట్టముక్క కట్టారు. మట్టి చదునుగా ఉంది, మధ్యలో ఒక్క రాయి లేదు. తమ వంతు రాగానే సిద్దార్థ బండిని అందులో దింపి మీట నొక్కాడు.

బండి కదల్లేదు.

వాడు మళ్లీ నొక్కాడు. తీగలు లాగి చూశాడు, చక్రాలు వేలితో తిప్పి చూశాడు. బండి మాత్రం మొండికేసి కూర్చుంది. ఫోన్ తెర మీద 'ఆగు, ఆగు' అని అదే పనిగా వస్తోంది. జడ్జి సారు, కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన పెద్దమనిషి, అప్పటికే పక్క స్టాలు దాకా వచ్చాడు. ఎస్తేర్ మేడం పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందో, ఫోన్‌ను తిడుతోందో తెలియదు.

"ఏమైందే దీనికి? పొద్దుగాల మీ వాకిట్ల మంచిగనే ఉరికింది గదా!" అన్నాడు సిద్దార్థ ఏడుపు గొంతుతో. వాడు తీగ చూద్దామని బండిని ఎత్తి వెనక్కి తిప్పి పెట్టాడు. అటువైపు ఒక మూల దుమ్ము లేవకుండా ఎవరో బకెట్టుతో నీళ్లు చల్లిపోయారు. బండి ముందు తడినేల వచ్చిందో లేదో, గుడుగుడుమని సాగింది. తడి అయిపోయిన చోట మళ్లీ ఆగింది.

సుష్మిత అది చూసింది. వెంటనే గేటు దగ్గరి వాచ్‌మన్ దగ్గరికి పరుగెత్తింది. ఒక చేత్తో పొరక, ఇంకో చేత్తో సగం నిండిన బకెట్టు పట్టుకుని వచ్చింది.

"ఏం చేస్తున్నవే?" అంది ఎస్తేర్ మేడం.

"మా వాకిలి లెక్క చేస్తున్న మేడం," అని వంగి చందమామ నేలను ఊడ్చింది. అవ్వ ఊడ్చినట్టే, పొరక గీతలు వరసగా పడేలా ఊడ్చింది. చేత్తో నీళ్లు చల్లింది. పక్క స్టాలు పిల్లలు నోరెళ్లబెట్టి చూశారు. సిద్దార్థ బండిని దించి మీట నొక్కాడు. బండి చందమామ నేల ఈ చివరినుంచి ఆ చివరికి సాఫీగా నడిచి, రాళ్లు పేర్చిన అంచు దగ్గర ఆగింది.

సిద్దార్థ కేక వేశాడు. మేడం కళ్లు మూసుకుని, "స్తోత్రం," అంది. సుష్మిత మాత్రం తడి చేతులు పావడాకు తుడుచుకుంటూ బండినే చూస్తోంది. సంతోషం రావాల్సిన చోట ఏదో ముల్లులాంటిది గుచ్చుకుంటోంది. రాయి లేని మట్టి మీద ఇది ఎందుకు నడవలేదు? ఊడ్చి నీళ్లు చల్లగానే ఎందుకు నడిచింది? ముగ్గు వద్దని అవ్వతో కొట్లాడింది తనే. మరి ఊడ్చిన సంగతి, సాన్పి చల్లిన సంగతి ఎందుకు తట్టలేదు? ఎట్లా తడుతుంది! ముగ్గంటే వేసేది. ఊడ్చిన వాకిలంటే ఆమెకు నేల, అంతే. పుట్టినప్పటినుంచీ కళ్లు తెరిచి చూసిన నేల అదే. తను దాన్నే చూపించింది, బండి దాన్నే నేర్చుకుంది.

అప్పుడే జడ్జి సారు వచ్చాడు. సిద్దార్థ గడగడా అంతా చెప్పేశాడు. బండి మళ్లీ నడిచింది, మళ్లీ అంచు దగ్గర ఆగింది.

"భలే! రాళ్లను చూసి ఆగింది. మంచి నేలను గుర్తుపట్టింది," అన్నాడు సారు. ఆయన మొహం వెలిగిపోతోంది. "పొద్దట్నుంచి చూసినవాటిల్లో ఇదే నాకు నచ్చింది," అని మేడం వైపు తిరిగి చెప్పాడు కూడా. మేడం చేతులు జోడించింది. ఆయన పక్కకు ఒక అడుగు వేశాడు.

ఊరుకుంటే అయిపోయేది. రాకెట్ ఇంకో అడుగు దూరంలో ఉంది. సుష్మితకు ఆ సంగతి తెలుసు, ఆ పిల్ల మొద్దు కాదు. కానీ ఆ ముల్లు ఊరుకోనివ్వలేదు. నిజంగా రాళ్లను చూసి ఆగిందా, పొడినేలను చూసి ఆగిందా? తెలుసుకోవాలంటే చెయ్యాల్సింది ఒక్కటే, దానికి కావలసింది కాలి దగ్గరే పడి ఉంది.

"సార్, ఒక్క నిమిషం ఆగుండ్రి," అంది. అంచులోంచి పిడికెడంత రాయి తీసి, ఊడ్చి తడిపిన నేల నట్టనడుమ పెట్టింది. సిద్దార్థ మొహం చూడకుండా తనే మీట నొక్కింది.

బండి గుడుగుడుమంటూ వచ్చింది. రాయి ముందట ఆగలేదు, నెమ్మదించలేదు కూడా. నేరుగా రాయెక్కి, పక్కకు ఒరిగి, వెల్లకిలా పడింది. ఫోన్ కిందపడి తెర పగిలింది. గాల్లో చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. తెర మీద 'పో' అనే ఉంది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జడ్జి సారు నవ్వలేదు. "దీనర్థం ఏందమ్మా?" అన్నాడు.

"ఇది రాయిని నేర్వలేదు సార్," అంది సుష్మిత. "మా అవ్వ ఊడ్చిన వాకిలిని నేర్చింది. మేం గదే చూపించినం. ఊడ్చిన వాకిట్ల రాయి ఉండదు, రాయున్న కాడ ఎవరూ ఊడ్వరు. దానికి రాయి ఏందో, ఊడ్చుడు ఏందో తేడా తెల్వదు. చందమామ మీద ఎవరూడుస్తరు సార్?"

సారు వంగి, పడిపోయిన బండిని సరిగా నిలబెట్టాడు. "మంచి పని చేసినవ్. కాని నేను నడిచిన బండికి మార్కులెయ్యాలె," అన్నాడు. ఆయన చెప్పిందీ సబబే. సాయంత్రం మొదటి బహుమతి వేరే మండలం పిల్లలకు ప్రకటించారు. వాళ్లు మట్టిలో తేమ చూసి నీళ్లు వదిలే యంత్రం చేశారు, అది నిజంగానే బాగుంది. శ్రీహరికోటకు వాళ్లు పోతారు.

బస్టాండులో సిద్దార్థ సుష్మిత మీద విరుచుకుపడ్డాడు. "రాయి పెట్టుమని నిన్నెవరన్న అడిగిండ్రా? సారు పోతుండె గదా! ఒక్క నిమిషం నోరు మూసుకుంటే ఏం పోతుండె నీకు?" అన్నాడు. ఎందుకు పెట్టిందో సుష్మితకు తెలుసు గానీ అది జవాబులా చెప్పేది కాదు. వాడు బస్సులో ముందు సీట్లో వేరుగా కూర్చున్నాడు. సుష్మిత కిటికీకి తల ఆనించి, ఎల్లారెడ్డి దగ్గరపడేదాకా చప్పుడు లేకుండా ఏడ్చింది.

అప్పుడు ఎస్తేర్ మేడం పగిలిన ఫోన్ తీసి పిల్ల ఒళ్లో పెట్టింది. "నాకు నీ మీద శానా కోపమొచ్చింది," అంది. "అబద్ధమెందుకు చెప్పాలె, ఇంకా పోలేదు. కాని ఇది పట్టుకపో. పగిలినా ఫొటోలు తీస్తది."

"ఏం ఫొటోలు తియ్యాలె మేడం?"

"నన్నడుగుతవేంది? రాయి పెట్టేముందు నన్నడిగినవా?" అంది మేడం, కిటికీ వైపు తిరిగి. ఆమె నవ్వుతోందని కిటికీ అద్దంలో కనబడింది.

ఇంట్లో భూదవ్వ సంగతంతా విని మొహం మాడ్చుకుంది. రాకెట్ పోయినందుకు కాదు. "అంటే నా పొరక వల్లనే మీరు ఓడిండ్రా? ఇన్నేండ్ల సంది ఊడ్చుడు తప్పాయెనా?" అంది.

"తప్పు కాదవ్వా. బండికి నీ వాకిలొక్కటే తెలుసు. ఊడ్వని నేల గూడ మంచిదే ఉంటదని దానికి ఎవరూ చూపియ్యలె. నేనే చూపియ్యలె." సుష్మిత భయం భయంగా అడిగేసింది. "అవ్వా, కొన్ని రోజులు వాకిలి ఊడ్వకుంట ఇడుస్తవా?"

పక్కనే బీడీలు చుడుతున్న సుష్మిత తల్లి మంగవ్వ వేళ్లు ఆగిపోయాయి. అత్తకు ఇట్లాంటి మాట ఈ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. తను కోడలిగా వచ్చినప్పటినుంచీ ఎవరూ చెప్పలేదు. భూదవ్వ లేచి లోపలికి పోయింది. రెండు రోజులు మనవరాలితో మాట్లాడలేదు. పొరక చప్పుడు మాత్రం మామూలు కంటే గట్టిగా వినబడింది.

మూడోనాడు పొద్దున సుష్మితకు మెలకువ వచ్చేసరికి ఆ చప్పుడు లేదు. బయటికి పరుగెత్తింది. వాకిలి ఊడ్చి లేదు, సాన్పి లేదు, ముగ్గు లేదు. రాత్రి గాలికి కొట్టుకొచ్చిన వేపాకులూ, కోళ్లు గీకిన మట్టీ ఉన్నవి ఉన్నట్టే పడి ఉన్నాయి. భూదవ్వ అరుగు మీద పొరక ఒళ్లో పెట్టుకుని, కాపలా కాస్తున్నట్టు కూర్చుంది. చాయ కూడా తాగలేదు.

వీధిలో పోతున్న దేవవ్వ గుండెలు బాదుకున్నంత పనిచేసి ఆగిపోయింది. "భూదవ్వా! ఏమైందే? ఇంట్ల ఎవరికన్న..."

"ఎవరికేం కాలె. అందరం మంచిగనే ఉన్నం," అంది భూదవ్వ, మెడ ఎత్తి. "పిల్ల చదువుకుంటున్నది."

ఆ పొద్దున ఆ మాట ఎంతమందికి చెప్పిందో. ఆటోవాళ్లు ఆగి అడిగారు, పాలు పోసేవాడు అడిగాడు, ఎదురింటివాళ్లు వచ్చి లోపలికి తొంగిచూశారు. అందరికీ అదే జవాబు, అదే మెడ. సుష్మిత ఆకుల మధ్య మోకాళ్ల మీద వంగి, పగిలిన ఫోన్‌తో ఫొటోలు తీస్తుంటే కళ్లకు నీళ్లడ్డం వచ్చి కొన్ని మసకగా పడ్డాయి. అవి కూడా 'పో' పెట్టెలోనే వేసింది.

ఆ వారమంతా వాకిలికి దినదిన గండమే. ఒకరోజు ఊడ్చిన నేల మీద రాళ్లు, ఒకరోజు ఊడ్వని నేల మీద రాళ్లు, ఇంకోరోజు ఊడ్వకుండా ఉత్త నేల. సిద్దార్థ రెండు రోజులు బెట్టు చేసి మూడోనాడు, "మోటరు చప్పుడు వేరేగ వస్తున్నదటగా," అనే వంకతో వచ్చాడు. ఎవరూ వాడికి అట్లా చెప్పలేదు. వస్తూ వస్తూ రాళ్ల సంచి తెచ్చాడు. ఈసారి భూదవ్వ పొరక ఎత్తలేదు. "పరిచేటోడివి సక్కగ పరువురా," అంది.

రాకెట్ ఎగిరే రోజు వచ్చింది. గెలిచిన పిల్లలు అప్పటికి శ్రీహరికోటలో ఉన్నారు. సెలవు రోజు గనక ఎస్తేర్ మేడం కూడా నాగిరెడ్డిపేట నుంచి బస్సెక్కి వాళ్లింటికే వచ్చింది. లోపల టీవీ పెట్టి ఉంది. మంగవ్వ చాట ముందర వేసుకుని, బీడీలు చుట్టుకుంటూ చూస్తోంది. ఇంకా టైముందని, అంతలోపల ఒక్కసారి బండిని నడిపి చూద్దామని మిగతావాళ్లు బయట ఉన్నారు.

వాకిలి ఆ రోజు విచిత్రంగా ఉంది. సగం ఊడ్చి, సాన్పి చల్లి తళతళలాడుతోంది. సగం ఆకులతో, దుమ్ముతో పడి ఉంది. అట్లాంటి వాకిలి ఎల్లారెడ్డిలో ఎవరూ చూసి ఉండరు. సిద్దార్థ బండిని ఊడ్వని వైపు దించాడు. సుష్మిత రాయి కోసం చూసేలోపల భూదవ్వ అరుగు దిగి, కొంగులోంచి రాయి తీసి, తన చేతులతో ఊడ్చిన నేల నడుమ పెట్టింది. పెట్టి దూరంగా జరిగింది.

బండి కదిలింది. ఆకుల మీదుగా వచ్చింది. ఎక్కడా ఆగలేదు. పొడినేల అయిపోయి తడినేల వచ్చింది, అక్కడా ఆగలేదు. లోపల టీవీలో అంకెలు లెక్కపెడుతున్న గొంతు వినబడుతోంది.

"పోతుంది, పోతుంది! రాండ్రి పిల్లలూ!" అని మంగవ్వ కేకేసింది.

ఎవరూ పోలేదు. బండి రాయి దగ్గరికి వస్తోంది. సిద్దార్థ ఊపిరి బిగబట్టాడు. మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సుష్మిత మట్టిలో మోకాళ్ల మీద కూర్చుంది. బండి రాయికి బెత్తెడు దూరందాకా వచ్చింది.

ఆగింది.

సుష్మిత అరచెయ్యి తనకు తెలియకుండానే ఛాతీ మీదికి పోయింది. లోపల దడదడమని కొట్టుకుంటోంది. చెవులకు కాదు, పక్కటెముకలకు వినబడుతోంది. ఆమె చెయ్యి తియ్యకుండా అట్లాగే కూర్చుంది.

మంగవ్వ గడపలోకి వచ్చింది. "పోయింది. ఎంత మంచిగ పోయిందనుకున్నరు! ఇన్ని రోజులు రాకెట్, రాకెట్ అని చంపి, తీరా చూడకనే పోతిరి," అంది.

"ఆగింది ఆంటీ!" అని అరిచాడు సిద్దార్థ. "రాయిని చూసి ఆగింది!"

భూదవ్వ బండిని చూసింది, రాయిని చూసింది, ఆకులు పడి ఉన్న సగం వాకిలిని చూసింది. ఇక తట్టుకోలేకపోయింది.

"ఇగ ఊడ్వొచ్చునా బిడ్డా?" అంది.

"ఇంకొక్కసారి అవ్వా," అంది సుష్మిత.

భూదవ్వ పొరక ఒళ్లో పెట్టుకుని మళ్లీ అరుగు మీద కూర్చుంది.